పారిస్ ఫోటోలోని మూడు పట్టీల జెండా ఎవరిది?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. పారిస్‌లో పాత సామాన్ల సంతలో మీరు కొన్న అరచేతంత నలుపు తెలుపు ఫోటో ఇది. వెనుక పెన్సిలుతో ‘ఆగస్టు 1944’ అని తప్ప మరేమీ రాసి లేదు. చెట్ల వరుస ఉన్న వెడల్పాటి వీధిలో, జనం చుట్టుముట్టిన ఒక యుద్ధ ట్యాంకు మీద ఇద్దరు అమ్మాయిలు ఎక్కి కూర్చున్నారు. బండి ముందు భాగాన చిన్న కర్రకు మూడు అడ్డపట్టీల జెండా కట్టి ఉంది. అది ఆస్ట్రియాదో, నెదర్లాండ్స్‌దో, ఇప్పటి స్పెయిన్‌దో తేల్చమని మీరు అడిగారు.

నా అభిప్రాయంలో ఆ మూడింటిలో ఏదీ కాదు. అది 1931 నుంచి 1939 వరకు ఉన్న స్పెయిన్ రెండవ గణతంత్రపు జెండా: పైన ఎరుపు, మధ్యలో పసుపు, కింద ఊదా. ఆ గణతంత్రం కూలిపోయి అప్పటికి అయిదేళ్లు దాటింది. లేని దేశపు జెండా ఫ్రాన్సు సైన్యపు బండి మీదకు ఎలా వచ్చిందన్నది తర్వాత చెబుతాను. ముందుగా, రంగులే లేని ఫోటోలో రంగుల జెండాను గుర్తుపట్టానని ఏ ధైర్యంతో అంటున్నానో వివరించాలి.

మొదట ఒక చిన్న సవరణ. ఫోటోలో ఉన్నది ట్యాంకు కాదు. ముందు రెండు మామూలు రబ్బరు చక్రాలు, వెనుక ట్యాంకుకు ఉన్నట్టు గొలుసు పట్టాలు, పైకప్పు లేని ఇనుప తొట్టిలాంటి వెనుక భాగం కనిపిస్తున్నాయి కదా, దీన్ని హాఫ్‌ట్రాక్ అంటారు. అమెరికాలో తయారైన ఈ ఎం3 రకం బండి బరువు సుమారు 9 టన్నులు, ఎక్కేది పది పన్నెండు మంది పదాతి సైనికులు. అదే కాలపు షెర్మన్ ట్యాంకు అయితే 30 టన్నులకు పైగా ఉంటుంది, పైన తిరిగే ఫిరంగి గోపురం ఉంటుంది, లోపల కూర్చునేది అయిదుగురే. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, జర్మన్ల చేతుల్లోంచి విడిపించడానికి పారిస్‌లోకి వచ్చిన ఫ్రెంచి సైన్యంలో ట్యాంకులు ఒక దళానివి, హాఫ్‌ట్రాకులు వేరొక దళానివి. బండి ఏదో తప్పుగా అనుకుంటే జెండా కోసం వెతకాల్సిన మనుషులే మారిపోతారు.

ఇక రంగుల సంగతి. మన ఇళ్లలో అమ్మమ్మల, నాయనమ్మల కాలపు పెళ్లి ఫోటోలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చాలా వాటిలో నుదుటి కుంకుమ బొట్టు కాటుక చుక్కలా నల్లగా ఉంటుంది. బొట్టు నల్లగా పెట్టుకోలేదు, ఫిల్ముకు ఎరుపు కనిపించలేదు, అంతే. ఆ రోజుల్లో విరివిగా వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము నీలానికీ ఆకుపచ్చకూ స్పందిస్తుంది కానీ ఎరుపును దాదాపు పట్టించుకోదు. అందువల్ల ఎరుపు నల్లగా, నీలం తెల్లగా, ఆకాశం ఖాళీ కాగితంలా పడతాయి. పాంక్రోమాటిక్ ఫిల్ము మాత్రం అన్ని రంగులనూ చూస్తుంది. అందులో ఎరుపు మధ్యరకం బూడిద రంగులో పడుతుంది, ముదురు నీలం నలుపుకు దగ్గరగా దిగుతుంది. 1944 నాటికి పత్రికల ఫోటోగ్రాఫర్ల చేతుల్లో ఎక్కువగా ఈ రెండో రకమే ఉన్నా, మామూలు జనం పెట్టె కెమెరాల్లో మొదటి రకం ఇంకా బతికే ఉంది. కొడాక్ వారి వెరిక్రోమ్ ఫిల్ము 1956లో కొత్త రూపం తీసుకునే వరకు ఆర్థోక్రోమాటిక్‌గానే ఉండేది.

దీని అర్థమేమిటంటే, ‘పై పట్టీ నల్లగా ఉంది కాబట్టి ముదురు రంగు’ అనే వాదన నిలవదు. ఒకే జెండాను ఒకే వెలుతురులో రెండు ఫిల్ముల మీద తీస్తే, ఒకదానిలో పై పట్టీ నల్లగా కింది పట్టీ లేతగా, మరొకదానిలో పై పట్టీ లేతగా కింది పట్టీ నల్లగా పడవచ్చు. గుర్తింపులో జరిగే తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. అందుకని జెండాను చూసే ముందు, అదే ఫోటోలో రంగు ముందే తెలిసిన వస్తువు ఏదైనా దొరుకుతుందా అని వెతకాలి. దాని బూడిద రంగుతోనే జెండా బూడిద రంగును తూచాలి.

మీ అదృష్టం కొద్దీ అలాంటివి ఈ ఫోటోలో మూడు ఉన్నాయి. మొదటిది, బండి మీద కూర్చున్న అమ్మాయిల పెదవులు. ఇద్దరివీ బొగ్గు రాసినట్టు నల్లగా ఉన్నాయి. లిప్‌స్టిక్ ఎరుపు నల్లగా పడిందంటే ఇది ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము. రెండవది, కుడివైపు రెండో అంతస్తు కిటికీ నుంచి వేలాడుతున్న ఫ్రాన్సు జెండా. దానికి నిలువు పట్టీలు, కర్రవైపు నీలం, మధ్యలో తెలుపు, చివర ఎరుపు అని మనకు ఖాయంగా తెలుసు. మీ ఫోటోలో కర్రవైపు పట్టీ లేత బూడిద రంగులో, చివరి పట్టీ నల్లగా ఉంది, అంటే పెదవులు చెప్పిన మాటనే ఇదీ చెబుతోంది. మూడవది, బండి పక్కభాగాన ఉన్న తెల్ల నక్షత్రం. మిత్రదేశాల వాహనాలన్నిటికీ గుర్తుగా వేసిన తెల్ల రంగు అది, కాబట్టి ఈ ఫోటోలో ‘తెలుపు’ అంటే ఎంత తెల్లగా ఉండాలో అదే చూపిస్తుంది.

ఇప్పుడు బండి ముందున్న జెండాకు వద్దాం. పై పట్టీ, కిటికీ జెండాలోని ఎరుపంత నల్లగా ఉంది. అది ఎరుపే. మధ్య పట్టీ చూడగానే తెల్లగా అనిపిస్తుంది కానీ, నక్షత్రం పక్కన పెట్టి పోలిస్తే స్పష్టంగా మాసినట్టు ఉంది. రెండింటి మీదా ఎండ ఒకే వైపు నుంచి పడుతోంది కాబట్టి ఇది నీడ వల్ల వచ్చిన తేడా కాదు. పసుపులో ఉన్న ఎరుపు పాలును ఈ ఫిల్ము వదిలేస్తుంది కనుక, కంటికి మెరిసే పసుపు ఫోటోలో ఒక మెట్టు దిగి కనిపిస్తుంది. మూడో పట్టీ పైదానంత నలుపూ కాదు, కిటికీ జెండాలోని నీలమంత లేతా కాదు, రెండింటికీ నడుమ ఉంది. అచ్చమైన నీలమైతే మరింత లేతగా పడాలి. నీలంతో ఎరుపు కలిసిన రంగైతే సరిగ్గా ఇలా మధ్యలో ఆగుతుంది. నీలం, ఎరుపు కలిస్తే ఊదా. స్పెయిన్ వాళ్లు దీన్ని మోరాదో అంటారు, మన నేరేడు పండు రంగు అనుకోండి.

ఈ ఒక్క పరీక్షతోనే నెదర్లాండ్స్ జెండా తప్పుకుంటుంది. దానిలో మధ్య పట్టీ తెలుపు, కింది పట్టీ నీలం, రెండూ ఇక్కడ సరిపోవు. ఆస్ట్రియా జెండాలో పైనా కిందా ఒకే ఎరుపు, కాబట్టి రెండు అంచులూ ఒకే నలుపులో ఉండాలి. పైగా 1938 నుంచి ఆస్ట్రియాను హిట్లర్ జర్మనీలో కలిపేసుకున్నాడు. ఆ జెండా పట్టుకుని పారిస్‌లోకి వచ్చిన మిత్రసేన ఏదీ లేదు.

ఇప్పటి స్పెయిన్ జెండా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీరు దాదాపు దాని దగ్గరికే వచ్చి ఆగారు. ఎరుపు-పసుపు-ఎరుపు ఉన్న ఆ జెండాలో మధ్య పసుపు పట్టీ మిగతా రెండింటికీ రెట్టింపు వెడల్పు. గణతంత్రం 1931 ఏప్రిల్ 27న తెచ్చిన జెండాలో మూడు పట్టీలూ సమానం. కింది పట్టీని ఊదా చేసింది కస్తీల్ ప్రాంతపు పాత తిరుగుబాటుదారుల రంగు అదేనన్న నమ్మకంతో. నిజానికి వాళ్లది ఊదా కాదు, ముదురెరుపు అని చరిత్రకారులు అంటారు, కానీ అప్పటికే జెండా ఎగరేసేశారు. వెడల్పు కొలిచేటప్పుడు గాలికి మడతలు పడిన అంచు దగ్గర కొలవకండి, కర్రకు కుట్టిన అంచు దగ్గర కొలవండి, గుడ్డ అక్కడే బిగువుగా ఉంటుంది. మీ స్కాన్‌లో అక్కడ నాకు వరుసగా 11, 12, 11 పిక్సెళ్లు వచ్చాయి. ఒకటికి రెండు అనే నిష్పత్తి ఇందులో ఎక్కడా లేదు. వెడల్పు సంగతి పక్కన పెట్టినా, ఎరుపు-పసుపు-ఎరుపు 1944లో ఫ్రాంకో జెండా, అంటే అంతర్యుద్ధంలో ఆ గణతంత్రాన్ని కూల్చి స్పెయిన్‌ను ఏలుతున్న నియంతది. అతను 1941లో తన సైనికులను హిట్లర్ తరఫున రష్యా యుద్ధానికి పంపినవాడు. ఆ జెండాను మిత్రసేన బండి మీద కట్టేవాళ్లు ఎవరుంటారు?

జెండా మధ్యలో రాజముద్ర లేదే అని మీరు అనుమానించవచ్చు. ముద్ర ఉన్నది ప్రభుత్వ, సైనిక జెండాలకే, జనం కట్టుకునే గుడ్డకు అక్కర్లేదు. జెండాలో ఉన్న గుర్తు కాలాన్ని చెప్పే సాక్ష్యమే, మన త్రివర్ణంలో రాట్నం ఉంటే 1931 నాటి కాంగ్రెసు జెండా అనీ, ధర్మచక్రం ఉంటే 1947 జూలై తర్వాతదనీ అంటాం కదా. కానీ గుర్తు లేకపోవడం దేనికీ సాక్ష్యం కాదు.

ఇక బండి. ఇంజిను పక్కనున్న కవచపు రేకు మీద తెల్ల రంగుతో ఒక పేరు రాసి ఉంది. ఒక అమ్మాయి గౌను అంచు మొదటి సగాన్ని కప్పేసింది, ‘యు, ఇ, ఎల్’ అనే చివరి మూడక్షరాలే కనిపిస్తున్నాయి. దాని కిందే, వలయంలో ఫ్రాన్సు దేశపటం, పటం మధ్యలో రెండు అడ్డగీతల శిలువ ఉన్నాయి. ఆ శిలువ లొరేన్ శిలువ, జర్మనీకి లొంగకుండా పోరాడిన స్వేచ్ఛా ఫ్రాన్సు గుర్తు. పటంతో కలిసిన రూపం జనరల్ లెక్లెర్ నడిపిన రెండవ ఆర్మర్డ్ డివిజన్‌ది. ఆ డివిజన్‌లో చాద్ రెజిమెంటుకు చెందిన తొమ్మిదో కంపెనీ ఒకటి ఉండేది, దాన్ని ఫ్రెంచివాళ్లు కూడా స్పానిష్ భాషలోనే ‘లా నువేవె’ అని, అంటే ‘తొమ్మిది’ అని పిలిచేవారు. దాని 160 మందిలో 146 మంది స్పెయిన్ వాళ్లు. ఆ కంపెనీ హాఫ్‌ట్రాకుల పేర్లు చూడండి: గ్వాదలహారా, బ్రునెతె, ఎబ్రో, మాద్రిద్, తెరువెల్. అన్నీ స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాటాలు జరిగిన చోట్లు. ‘యు, ఇ, ఎల్’తో ముగిసేది వీటిలో తెరువెల్ ఒక్కటే. 1938 జనవరిలో గడ్డకట్టే చలిలో గణతంత్ర సేన గెలుచుకుని, ఫిబ్రవరిలో పోగొట్టుకున్న ఊరు అది.

ట్యాంకుకూ హాఫ్‌ట్రాక్‌కూ తేడా ముఖ్యమని మొదట్లో అన్నది ఇందుకే. వీళ్లతో పాటు వచ్చిన షెర్మన్ ట్యాంకులు వేరే రెజిమెంటువి, వాటి పేర్లు మోంమిరాయ్, షాంపోబేర్ వంటి నెపోలియన్ నాటి ఫ్రెంచి యుద్ధాల పేర్లు. స్పెయిన్ ఊరి పేరుకు చోటున్నది హాఫ్‌ట్రాకుల మీదే. అక్కడా ఏ పేరైనా చెల్లుబాటు కాలేదు. ఒక బండికి అరాచకవాద నాయకుడు దుర్రుతి పేరు పెడతామంటే పై అధికారులు ఒప్పుకోలేదు.

ఈ మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు? 1939 జనవరి, ఫిబ్రవరి నెలల్లో బార్సిలోనా పడిపోయినప్పుడు దాదాపు 5 లక్షల మంది పిరనీస్ కొండలు దాటి ఫ్రాన్సులోకి వచ్చారు. ఫ్రాన్సు వాళ్లను ఆదరించలేదు. అర్జెలెస్ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇసుక మీద ముళ్లకంచెలు పాతి, వాటి లోపల పడేసింది. బయటపడేందుకు కొందరు విదేశీయులను చేర్చుకునే ఫ్రాన్సు సైనిక దళమైన ఫారిన్ లీజియన్‌లో చేరారు. ఓడల మీద ఉత్తర ఆఫ్రికా చేరినవారిలో చాలామందిని, ఫ్రాన్సు ఓడిపోయాక, జర్మనీకి లోబడిన విషీ ప్రభుత్వపు అక్కడి అధికారులు సహారా ఎడారిలో రైలు పట్టాలు వేసే కూలి శిబిరాలకు తోలారు. 1942 నవంబరులో అమెరికా, బ్రిటన్ సేనలు అక్కడ దిగిన తర్వాతే వాళ్లకు మళ్లీ తుపాకి చేతికొచ్చింది. ట్యునీసియాలో పోరాడి, 1943లో లెక్లెర్ దగ్గరకు చేరారు. ఈ మొండి మనుషులను నడపడానికి స్పానిష్ మాట్లాడగలిగిన రేమోన్ ద్రోన్ అనే కెప్టెన్‌ను నియమించారు. అమెరికా యూనిఫాం, ఫ్రాన్సు హోదా, గుండె మీదా బండి మీదా తమ గణతంత్రపు చిన్న జెండా: అదీ వాళ్ల ఏర్పాటు. మీ ఫోటోలో కర్రకు కట్టి ఉన్నది అదే.

1944 ఆగస్టు మొదటి వారంలో వాళ్లు నార్మండీలోని యూటా తీరంలో దిగారు. ఆగస్టు 24 సాయంత్రం పారిస్ శివార్లలో క్రువా ద బెర్నీ దగ్గర లెక్లెర్ ద్రోన్‌ను ఆపి, దొరికిన దారిన నగరంలోకి చొరబడమని ఆజ్ఞాపించాడు. మూడు ట్యాంకులు, పదిహేను వరకు హాఫ్‌ట్రాకులు పోర్త్ దితాలీ మీదుగా సందులు పట్టుకుని వెళ్లి, రాత్రి 9 గంటల 22 నిమిషాలకు నగరపాలక భవనం ముందు ఆగాయి. అలా మొదట అక్కడికి చేరిన వాళ్లలో లెఫ్టినెంట్ అమాదో గ్రానెల్ ఉన్నాడు. ఆయన స్పెయిన్ గణతంత్ర సేనలో అధికారిగా పనిచేసినవాడు.

అయితే మీ ఫోటో ఆ రాత్రిది కాదు. అందులో నీడలు పొట్టిగా, ఎండ నిక్కచ్చిగా ఉంది. 25న మధ్యాహ్నం దాటాక జర్మన్ సేనాధిపతి ఫాన్ కోల్టిట్స్ లొంగిపోయే వరకు వీధుల్లో కాల్పులు సాగుతూనే ఉన్నాయి. పొద్దు నెత్తిమీద ఉన్న వేళ అమ్మాయిలు తీరిగ్గా బండెక్కి నవ్వుతున్నారంటే, 26వ తేదీ అనుకోవడమే సబబు. ఆ రోజు స్వేచ్ఛా ఫ్రాన్సు నాయకుడు ద గోల్ షాంజెలీజే వీధి వెంట నడిచినప్పుడు ఆయనకు రక్షణగా వెళ్లిన వాహనాల్లో లా నువేవె బండ్లు ఉన్నాయి. మీ ఫోటోలోని వెడల్పాటి వీధికీ, రెండు పక్కల చెట్ల వరుసలకూ అది సరిపోతుంది.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం ఇలాంటిదే మరొక ఫోటోను నేను ధీమాగా నెదర్లాండ్స్ జెండా అని నమోదు చేశాను. మధ్య పట్టీ తెలుపని కంటికి తోచింది, పక్కనే ఉన్న నర్సు తెల్ల టోపీతో పోల్చాలన్న ఆలోచన రాలేదు. రెండేళ్ల తర్వాత అదే ఫోటోకు ఎవరో రంగులద్దిన నకలు బయటకు వచ్చింది, అందులో జెండా ఎరుపు, తెలుపు, నీలం. నేను చెప్పిందే నిజమైందని సంబరపడ్డాను. తీరా ఆరా తీస్తే, రంగులు వేసినవారు నా నమోదును చదివే ఆ రంగులు వేశారని తేలింది. నా తప్పు ఊరంతా తిరిగి నాకే సాక్ష్యమై వచ్చింది. కాబట్టి కంప్యూటరు చేత రంగులు వేయించిన ప్రతిని జెండా గుర్తించడానికి వాడకండి. మీరు మొదట పంపిన రెండు ప్రతుల్లో ఒకదానిలో కింది పట్టీ ఆకుపచ్చగా ఉంది, అది ఆ యాప్ ఊహ, అంతకుమించి విలువ దానికి లేదు.

ఈ కంపెనీ గురించి ఫ్రాన్సులోనే చాలాకాలం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఫ్రాన్సు తనను తానే విడిపించుకుందన్న కథకు ఈ జెండా అడ్డు కదా. 2004లో వాళ్లు వచ్చిన దారి వెంట ఫలకాలు పెట్టారు. 2015లో నగరపాలక భవనం పక్కన ఉన్న తోటకు లా నువేవె పోరాట వీరుల పేరు పెట్టారు, ఆ వేడుకకు స్పెయిన్ రాజు ఆరో ఫెలిపే స్వయంగా వచ్చాడు. రాజరికం పోవాలని పోరాడినవాళ్ల పేరిట తోటను ఒక రాజు ప్రారంభించడం చూసి నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. కంపెనీలో చివరిదాకా మిగిలిన రాఫాయెల్ గోమెస్ 2020 మార్చిలో 99వ ఏట మరణించారు. మీరు పారిస్‌లోనే ఉంటున్నారు కాబట్టి ఒకసారి ఆ తోటకు వెళ్లి రండి.

మీరు చేయవలసిన పని ఇంకొకటి మిగిలింది. ఫోటోను 1200 డీపీఐలో, కలర్ మోడ్‌లో, ఆటోమేటిక్ సవరణలన్నీ ఆపేసి, ముందూ వెనుకా మళ్లీ స్కాన్ చేయండి. నలుపు తెలుపు ఫోటోకు కలర్ మోడ్ ఎందుకంటే, కాగితం పసుపెక్కిన తీరూ, పెన్సిలు గీతకూ సిరా మచ్చకూ ఉన్న తేడా అందులోనే తెలుస్తాయి. లామినేషన్ మాత్రం చేయించకండి. తర్వాత గదిలో దీపాలు ఆర్పి, ఫోటో వెనుకవైపు పక్కనుంచి ఏటవాలుగా టార్చి వేసి సెల్‌ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. ‘ఆగస్టు’ అన్న మాటకు ఎడమపక్క కాగితం మీద ఏదో రుద్దేసినట్టు నునుపుగా ఉంది. అక్కడ పెన్సిలు ఒత్తిడి గాడి మిగిలి ఉంటే, చెరిపేసిన తేదీ అంకెలు నీడలో పైకి తేలతాయి. ఆ రెండు ఫైళ్లూ పంపండి, గౌను అంచు కింద ‘టి’ అక్షరపు అడ్డగీత ఏమైనా తొంగిచూస్తోందేమో కూడా అప్పుడే చూద్దాం.